మా ఆవిడ అడిగింది, నా కథల్లో ఎవరూ కరెంటు బిల్లు కట్టరేందని. రాయడానికి కొత్త విషయాలు మీకెక్కడ దొరుకుతాయి?

కావలి కుర్రోడు (పెరుంగుడి, చెన్నై) • శుక్రవారం రాత్రి 11:20

అందరికీ నమస్తే. మూడేళ్లుగా ఇక్కడ చదవడమే తప్ప ఏనాడూ ఒక్క ముక్క రాసింది లేదు, ఇదే మొదలు, పెద్దదైతే తిట్టుకోకండి.

నాది కావలి దగ్గర పల్లె. చెన్నైకొచ్చి పదమూడేళ్లయింది. షోలింగనల్లూర్‌లో ఆఫీసు, పెరుంగుడిలో అద్దె ఇల్లు, ఇద్దరు పిల్లలు. ఆదివారాలు కూర్చుని కథలు రాస్తుంటా, అంటే రాస్తుండేవాణ్ణి. పదకొండు రాస్తే రెండు అచ్చయినాయి. పన్నెండోది మొన్న తిరిగొచ్చింది, ఎడిటర్ గారు కింద ఒక్క లైను రాశారు, మీ కథలన్నీ ఒకే మధ్యాహ్నం జరిగినట్టున్నాయి అని. కోపమొచ్చింది. వచ్చి, పన్నెండూ ముందరేసుకుని వరసగా చదివితే ఆయన చెప్పింది నిజమే. ఐదింట్లో చెరువుంది. మూడింట్లో మా అమ్మమ్మ ఉంది, ఒకదాంట్లో పేరు మార్చా గానీ చీర మార్చలేదు. ఎద్దు రెండుసార్లు చచ్చిపోయింది. ఒక్కదాంట్లో కూడా సెల్‌ఫోన్ మోగదు.

మా ఆవిడకి చూపిస్తే అన్నీ చదివి, "మీ కథల్లో ఎవరూ కరెంటు బిల్లు కట్టరేందండీ" అంది. ఆమె నవ్వులాటకే అంది, నాకు మాత్రం అది గుచ్చుకుని కూర్చుంది. ఎందుకంటే ఇక్కడ రెండు నెలలకోసారి బిల్లొస్తుంది, మొదటి వంద యూనిట్లు ఫ్రీ, ఆ పైన ఏ శ్లాబులో పడతామా అని మే నెలంతా మా ఇంట్లో అదే గొడవ, ఏసీ రిమోట్ నేనొకచోట దాస్తే ఆమె ఇంకోచోట దాస్తుంది. ఇంత గొడవ నా కథల్లోకి ఎందుకు రాలేదో నాకే తెలీదు.

ఊరి గురించి రాస్తున్నానంటే ఊరు ఇప్పుడు తెలిసి కాదు. పదిహేడో ఏట హాస్టల్‌కి పోయినోణ్ణి. మా చేల వైపంతా ఇప్పుడు రొయ్యల గుంటలు, పండక్కి పోయి రెండ్రోజులుండి వచ్చేస్తా.

సరే, ప్రయత్నాలు చెయ్యలేదా అంటే చేశా. రోజుకొక ఐడియా రాయాలని నోట్‌బుక్కు కొన్నా, తొమ్మిది రోజులు నడిచింది, ఏడో రోజు నుంచీ "వాన" అని మాత్రమే ఉంది. ఏఐని అడిగా. రైల్వే స్టేషన్‌లో ఎవరో మర్చిపోయిన సూట్‌కేసు, అందులో పాత ఉత్తరం అంది. వేరేది చెప్పమంటే బస్టాండులో మర్చిపోయిన సంచి, అందులో పాత ఫోటో అంది.

ఇక ఈ ఊళ్లో నాకేముంది రాయడానికి? ఆఫీసు బస్సు, లిఫ్టు, లాప్‌టాప్, రాత్రికి ఇల్లు. తమిళం మాట్లాడతా గానీ చదవలేను, బస్సు మీద బోర్డు కూడా నంబరు చూసి ఎక్కుతా. కొత్త విషయం మీకెట్ట తడుతుందో, అసలు అది తట్టేదా, వెతికేదా, కాస్త చెప్పండి.

నిక్కచ్చి నారాయణ • శుక్రవారం రాత్రి 11:41

రాయడానికేం లేనప్పుడు రాయకపోతే సరి కదా. కొంపలేమీ అంటుకోవు. తెలుగులో చెరువు కథలు ఇప్పటికే ఏడు తరాలకి సరిపడా ఉన్నాయి.

(ఎద్దు రెండుసార్లు చచ్చిపోవడం మాత్రం బాగుంది.)

పెదవుల లెక్క (వడపళని) • శనివారం ఉదయం 8:05

నారాయణ గారూ పొద్దున్నే నవ్వించారండి బాబూ.

కుర్రోడు గారూ, నేను డబ్బింగ్‌లో డైలాగులు రాసే ఆయన దగ్గర పనిచేస్తానండి, తమిళం నుంచి తెలుగుకి. మీరు ఆఫీసు, లిఫ్టు అని రెండు ముక్కల్లో తేల్చేశారు గానీ ప్రతి పనిలోనూ బయటోళ్లకి తెలియని తలనొప్పి ఒకటి ఉంటుందండి, నాకు రాయడానికి దొరికేవన్నీ అక్కడివే.

మా తలనొప్పి చెప్తా వినండి. ప, బ, మ పలికితే పెదాలు మూసుకుంటాయి కదా. తమిళంలో హీరో క్లోజప్‌లో "పాత్తియా?" అన్నాడనుకోండి, చూశావా అని అర్థం. మనం "చూశావా" అని పెడితే మొదట్లో పెదాలు మూసుకున్నది అందరికీ కనబడిపోతుంది, నోరొక మాటంటే చెవికింకో మాట వినపడుతుంది. అంచేత అక్కడ ప తోనో బ తోనో మ తోనో మొదలయ్యే మాట వెతకాలి, అర్థం చెడకూడదు, మర్యాదా చెడకూడదు. "పోలామా" అంటే హాయిగా "పోదామా" అని పెట్టేస్తాం, కుదురుతుంది, కానీ ఆ హీరో కలెక్టరు, ఆ అమ్మాయితో అదే మొదటిసారి మాట్లాడ్డం, కలెక్టరు "పోదామా" అంటాడాండీ? ఈ ఒక్క మాట మీద మా గదిలో నలుగురం మధ్యాహ్నం భోజనం మానేసి కొట్టుకున్న రోజుంది. ఇంటికెళ్లి అదే రాశాను. పెళ్లిచూపుల్లో ఒకమ్మాయి మాట బయటికొకటి లోపలొకటి అని కథ, మొత్తం ఆ పెదాల గొడవలోంచి పుట్టింది.

అందుకని నాకొక అలవాటు. ఎవరు కలిసినా "మీ జీవితం గురించి చెప్పండి" అని అడగను, అట్లా అడిగితే అందరూ సినిమా కథే చెప్తారు. "మీ పనిలో బాగా చిరాకు తెప్పించేదేంటి" అని అడుగుతా. మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌ని అడిగితే రాత్రి నిద్ర లేకపోవడం అంటాడేమో అనుకున్నా. కాదట, పార్సిళ్లట. డెలివరీ కుర్రాళ్లు గేటు దగ్గర పడేసి పోతారు, ఒకటి కనబడకపోతే ఈయన్ని నిలదీస్తారు, పైగా ఫలానా ఇంటి పార్సిల్ ఆయన ఉండగా ఇవ్వకు, నేనొచ్చి తీసుకుంటా అని ఆవిడ చెప్తుంది, ఆవిడ ఉండగా ఇవ్వకని ఆయన చెప్తాడు. ఇద్దరూ ఒకే ఫ్లాట్! ఆ రెండు డబ్బాల్లో ఏముందో వాచ్‌మన్‌కీ తెలియదు, నాకూ తెలియదు. తెలియకపోవడమే మంచిదైంది, నేను కల్పించుకోడానికి చోటు మిగిలింది.

మీ ఆఫీసు బస్సు డ్రైవర్ని అడగండి ఒకసారి.

కావలి కుర్రోడు • శనివారం ఉదయం 9:30

బస్సు డ్రైవరన్న పేరు కూడా తెలీదండి నాకు. రెండేళ్లుగా ఎక్కుతున్నా. మీరు చెప్పాక సిగ్గేసింది.

పెరంబూర్ పిల్ల • శనివారం మధ్యాహ్నం 1:15

అన్నా, నా తెలుగులో తప్పులుంటాయి, ఓర్చుకోండి. నేను పుట్టింది పెరగింది పెరంబూర్‌లోనే. మా తాత గూడూరు తట్టు నుంచి రైల్వే వర్క్‌షాప్‌లో పనికని వచ్చినాడు, అట్లా వచ్చినోళ్లు మా వీధిలో చానా ఇండ్లు ఉండాయి. ఇంట్లో తెలుగు, బయట తమిళం, బళ్లో తమిళం. తెలుగు అక్షరాలు నేను నేర్చుకునింది ఇరవయ్యారేండ్లప్పుడు, మా అక్క కొడుకు పెద్దబాలశిక్ష పెట్టుకోని. మీరు బస్సు నంబరు చూసి ఎక్కుతామంటిరే, నేను మీకు తిరగతిప్పి, తిరుపతి పోతే బోర్డు చదవను రాక అడుగుతా ఉంటి.

ఈ ఊళ్లో ఏముంది అని మీరు రాసింది చూసి కొంచం కోపమొచ్చింది, చెప్పేస్తా ఉండా. సరే పోనీండి.

నేను మొదట రాసింది ఎట్ల వచ్చిందో చెప్తా. మా వీధి తెల్లారి ఆరుకి ఊడ్చేదానికి ముగ్గురు ఆడోళ్లు వస్తారు. ఈ ఊళ్లో కార్పొరేషన్ పారిశుధ్యం పనిలో తెలుగు మాట్లాడేవాళ్లు తరతరాలుగా ఉండారు, చానా మందికి ఈ సంగతి తెలీదు. వాళ్లు ఒకరికొకరు తెలుగులో మాట్లాడుకుంటారు, నాతో అయితే తమిళం. ఒకరోజు వాళ్లలో పెద్దామె చీపురు ఇరిగిపోయిందని ఇంకొకామెతో తెలుగులో అంటా ఉంటే నేను తెలుగులోనే, మా ఇంట్లో ఉంది ఇస్తాను ఉండండి అన్నా. ఆమె నిలబడి నన్ను చూసి, "నువ్వు మనోళ్లా?" అనింది.

అంతే అన్నా. మనోళ్లు అంటే తెలుగోళ్లు అనా, లేక ఆమె కులమా? ఆమె ఏది అడిగిందో నాకు తెలీలేదు. అవునంటే ఒక అబద్ధం, కాదంటే ఇంకో అబద్ధం. చీపురు ఇచ్చి లోపలికి వచ్చేసినా, మూడు రోజులు వాళ్లు వచ్చే టయానికి బాల్కనీలోకి పోలేదు. నాలుగో రోజు కూర్చొని రాసినా. ఆమె గురించి కాదు, నాకు జవాబు రాకపోయిన దాని గురించి.

అప్పట్నుంచి నేను చేసేది ఇదే. రోజులో ఎక్కడైనా నాకు బదులు చెప్పను నోరు రాలేదంటే ఇంటికొచ్చి అది రాసి పెట్టుకుంటా. అందంగా కనపడింది రాయను, అందంగా ఉండేవి అందురూ రాస్తారు. మా చెల్లెలి బిడ్డను బళ్లో వేసేటప్పుడు ఫారంలో మాతృభాష అని గడి ఉంటుంది కదా, మా మరిది తమిళం అని రాసేసినాడు, ఎందుకు గొడవ అని. 2006లో చట్టం వచ్చి ఒకటో తరగతి నుంచి తమిళం తప్పనిసరి చేసినాక మా తట్టు తెలుగు బళ్లలో పిల్లోళ్లు తగ్గిపోయినారు, కాబట్టి ఆయనది తప్పని అనలేను. కానీ ఆ గడి చూసి మా అమ్మ ఏమీ అనకుండా లేచి కాఫీ పెట్టను పోయింది. ఆ కాఫీ గురించి నా దగ్గర నాలుగు పేజీలు ఉంది, ఇంకా కథ కాలేదు.

ఇంకొకటి, సెంట్రల్ పక్కన మూర్ మార్కెట్ స్టేషన్‌లో సూళ్లూరుపేట లోకల్ ఎక్కండి ఒకసారి. ఆరంబాక్కం తమిళనాడులో ఆఖరి స్టేషన్, ఆ తరవాత తడ, ఆంధ్ర. మీరు ఎప్పుడూ ఎక్స్‌ప్రెస్‌లో నిద్రపోతా దాటేసి ఉంటారు.

ముళ్లకంప • శనివారం మధ్యాహ్నం 3:50

పెరంబూర్ పిల్ల గారు రాసింది బాగుంది గానీ నాకొక ఇబ్బంది. వీధి ఊడ్చేవాళ్లు, వాచ్‌మన్, డ్రైవరు... రాసేవాళ్లకి వీళ్లంతా ముడిసరుకా? ఆదివారం కథ రాసుకోడానికి సోమవారం పోయి వాళ్ల చిరాకులు ఏరుకురావడం నాకు నచ్చదు. వాళ్లకేమొస్తుంది దాన్నుంచి?

పెరంబూర్ పిల్ల • శనివారం సాయంత్రం 4:20

మీరడిగింది న్యాయమే. అందుకే చెప్పినా కదా నేను రాసింది నా నోరు రాకపోవడం గురించి అని. ఆమె ఇంట్లో ఏముందో నాకు తెలీదు, తెలిసినట్టు రాయలేదు. అచ్చయినాక ఆమెకు చదివి చూపించినా. మొత్తం విని, "ఆ చీపురు మంచిది, రెండు నెలలు వచ్చింది" అనింది, అంతే. బాగుందని చెప్పలేదు.

పాత ప్రూఫులు (వెస్ట్ మాంబళం) • ఆదివారం ఉదయం 6:40

నాయనా, నేను నలభై ఏళ్లు ప్రూఫులు దిద్దినవాణ్ణి. ఇతరుల వాక్యాలలో తప్పులు వెతకడం తప్ప సొంతంగా రాసింది తక్కువ, కనుక నా మాట ఆ మేరకే తీసుకో.

మొదట ఈ ఊరి సంగతి. టి.నగర్‌లో మీరంతా చీరలు కొనడానికి వెళ్లి పానగల్ పార్కు పక్కనే ఆటో మాట్లాడుకుంటారు. ఆ పానగల్ రాజా కాళహస్తి వైపు తెలుగువాడు, 1921 నుంచి 1926 దాకా ఈ మద్రాసు ప్రెసిడెన్సీకి ప్రధానమంత్రి హోదాలో ఉన్నవాడు. లజ్ దగ్గర నాగేశ్వరరావు పార్కులో పొద్దున నడుస్తాను నేను. అమృతాంజనం డబ్బా మీద సంపాదించిన డబ్బుతో పత్రిక నడిపిన మనిషి ఆ కాశీనాథుని నాగేశ్వరరావు, 1914లో ఆంధ్రపత్రికని ఈ ఊళ్లో దినపత్రిక చేశాడు. నాతోపాటు నడిచేవాళ్లలో తెలుగువాళ్లు ఐదారుగురున్నారు, ఆ నాగేశ్వరరావు ఎవరంటే ఒకాయన సినిమా హీరో పేరు చెప్పాడు. రాయపేట హైరోడ్డులో 1952 అక్టోబరు 19న మొదలుపెట్టి డిసెంబరు 15న ప్రాణం పోయేదాకా పొట్టి శ్రీరాములు 58 రోజులు పస్తున్న ఇంటి ముందు నుంచి రోజూ ఎన్ని సిటీ బస్సులు పోతాయో!

వీటి మీద కథ రాయమనడం లేదు. దయచేసి రాయకు. చరిత్ర తెలిసిన కుర్రవాడు కథ రాస్తే పాత్రలన్నీ ఉపన్యాసాలిస్తాయి, అలాంటివి దిద్ది దిద్ది నా కళ్లు పోయాయి. నేను చెప్పేది వేరు. ఆ పార్కులో సినిమా హీరో పేరు చెప్పినాయన ఉన్నాడే, నేను సరిదిద్దితే ముఖం చిన్నబుచ్చుకున్నాడు, మర్నాటి నుంచి అవతలి గేటు నుంచి వస్తున్నాడు. నేను ఎందుకు సరిదిద్దానా అని ఇప్పటికీ అనుకుంటాను. కథ ఉంటే అక్కడుంది, రాయగలిగే ఓపిక నాకు లేదు.

రెండోది, ఎగ్మోర్‌లో కన్నెమరా గ్రంథాలయం ఉంది, 1896 నుంచీ ఉంది. 1954 చట్టం ప్రకారం దేశంలో అచ్చయ్యే ప్రతి పుస్తకం ఒక ప్రతి అక్కడికి పంపాలి. తీరిక చేసుకుని వెళ్లి పాత పత్రికల సంపుటాలు అడుగు. వార్తలు చదవకు, వార్తలు అందరికీ తెలిసినవే. ప్రకటనలు చదువు. ఇల్లు అద్దెకు, వరుడు కావలెను, ఫలానా అబ్బాయి ఇంటి నుంచి వెళ్లిపోయినాడు, తల్లి మంచం పట్టింది, ఎక్కడున్నా రావలెను, అని ఉంటాయి చూడు, ఆ రకం. వచ్చాడా రాలేదా అన్నది ఏ సంచికలోనూ వేయరు. నాకు వయసులో ఉండగా అవి చదివితే రాత్రిళ్లు నిద్ర పట్టేది కాదు.

ఇక మూడోది, నీకు నచ్చకపోవచ్చు. నీ మొదటి టపా ఇప్పటికి మూడుసార్లు చదివాను. ఏసీ రిమోట్ గురించి తీరిగ్గా రాశావు, నోట్‌బుక్ గురించి రాశావు, సూట్‌కేసు గురించి రాశావు. "మా చేల వైపంతా ఇప్పుడు రొయ్యల గుంటలు" అని ఒక్క వాక్యం రాసి, పండగకి వెళ్లి రెండు రోజులుండి వస్తానని చెప్పి, చటుక్కున తరవాతి పేరాలోకి దూకావు. ప్రూఫులు చూసేవాడికి పుట అడుగున వాక్యం ఇలా తెగితే అక్షరాలు పేర్చే కంపోజిటర్ ఏదో వదిలేశాడని అనుమానం. ఏం వదిలేశావు?

నిక్కచ్చి నారాయణ • ఆదివారం ఉదయం 7:02

సార్ ఒక్క మాటతో పట్టేశారు. మేమంతా ఎద్దు దగ్గరే ఆగిపోయాం.

గుంటగట్టు (తడ) • ఆదివారం రాత్రి 9:10

ఇప్పుడు శ్రీసిటీలో ఉద్యోగం చేస్తున్నా గానీ అంతకుముందు ఆరేళ్లు అల్లూరు తట్టు రొయ్యల గుంట మీదే ఉన్నా, మాది నాలుగెకరాలు. కావలన్నా, నీ కథల్లో కరెంటు బిల్లు లేదని వదిన అన్నదంటున్నావే, మీ ఊళ్లో ఇప్పుడు కరెంటు తప్ప వేరే కథ లేదు కదన్నా.

తెలీనోళ్లకి చెప్తా. 2009లో వనామి రొయ్య వచ్చింది దేశానికి, అప్పట్నుంచి వరి చేలు గుంటలైపోతా వచ్చినాయి. గుంటలో రొయ్యకి గాలి కావాలి, దానికి ఏరేటర్లు తిరగాలి, నీళ్లని చిలకతా ఉంటాయి. పగలు నాచు కాస్త ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి అది కూడా పీల్చుకునేదే, కాబట్టి తెల్లారుజామున నీళ్లలో గాలి అన్నిటికంటే తక్కువ. సరిగ్గా ఆ టైములో కరెంటు పోయిందనుకో, జనరేటర్ వెయ్యాల, డీజిల్ ఉండాల. లేకపోతే కాసేపట్లో రొయ్య పైకి తేలి గట్టు దగ్గరికి వచ్చేస్తుంది, టార్చి వేస్తే కళ్లు మెరుస్తా కనబడతాయి. తెల్లారేసరికి కొంగలు, కాకులు దిగుతాయి. మూడు నెలలు మేత పోసి, మేత తింటున్నాయో లేదో చెక్ ట్రేలో చూసుకుంటా బిడ్డలా సాకింది, గంటల్లో అయిపోతుంది. బతికినకాడికి పట్టి అమ్ముదామంటే కౌంట్ రాదు. కౌంట్ అంటే కిలోకి ఎన్ని తూగుతాయో ఆ లెక్క, ముప్పై కౌంట్‌కి ఒక రేటు, వంద కౌంట్‌కి చానా తక్కువ.

కరెంటు బిల్లంటావా, ఆక్వా జోన్‌లో, అంటే రొయ్యలు, చేపల సాగుకని గవర్నమెంటు గుర్తించిన చోట ఉన్నోళ్లకి యూనిట్ 1.50 రూపాయలని సబ్సిడీ పెట్టినారు, జోన్ బయట పడ్డోడికి అప్పట్లో ఆ రేటు లేదు. ఒకే గట్టుకి అటు పక్కోడికి ఒక బిల్లు, ఇటు పక్కోడికి ఇంకో బిల్లు వచ్చిన చోట్లు నేను చూసినా. అన్నదమ్ములు మాట్లాడుకోవడం మానేసినారు.

గుంట మీద పడుకునేవాడు ఎవరన్నా మీ ఇంట్లో? ఎవరో ఒకరుంటారు. ఊరకే అడుగుతున్నా.

పెదవుల లెక్క • ఆదివారం రాత్రి 9:25

కళ్లు మెరుస్తా కనబడతాయి అన్నచోట ఆగిపోయానండి. డ్రైవర్ని అడగమన్న నా సలహా వెనక్కి తీసుకుంటున్నా, ముందు ఈయన్ని అడగండి.

కావలి కుర్రోడు • బుధవారం రాత్రి 10:35

రెండ్రోజులు ఇటు రాలేదు, క్షమించండి.

ముందు సూళ్లూరుపేట లోకల్ సంగతి. ఆదివారం మధ్యాహ్నం ఎక్కా. ఆరంబాక్కం దాటగానే చుట్టూ తమిళం ఆగిపోయి తెలుగు మొదలవుతుందేమో, ఆ క్షణం పట్టుకుందామని చెవులు రిక్కించి కూర్చున్నా. అట్టాంటిదేం జరగలేదు. గుమ్మిడిపూండి ముందరే నా ఎదురు సీట్లో ఇద్దరు కుర్రాళ్లు తెలుగులో క్రికెట్ మాట్లాడుతున్నారు, తడ దాటాక పల్లీలమ్మే ఆమె తమిళంలో బేరం చేసి తెలుగులో చిల్లర లేదంది. నేను ముందే రాసేసుకుని పోయిన సీను ఒక్కటీ దొరకలేదు. పెరంబూర్ చెల్లెమ్మా, ఎందుకు ఎక్కమన్నావో కొంచెం అర్థమయినట్టుంది. ఈ ఊరి గురించి నేనన్న మాటకి కూడా సారీ.

అంతా అయ్యాక ఇంటికొచ్చి ఫోన్ తెరిస్తే గుంటగట్టు తమ్ముడి మెసేజ్. ప్రూఫుల సార్ అడిగింది పొద్దున్నే చూశా గానీ జవాబు రాయకుండా రైలెక్కినోణ్ణి. ఇంక తప్పించుకునేదేముంది, చెప్పేస్తా.

ఉన్నాడు. మా బాబాయి కొడుకు. నాకంటే ఆరేళ్లు చిన్నోడు. నేను హాస్టల్‌కి పోతే వాడు ఊళ్లో ఉండిపోయాడు, మా వాటా మూడెకరాలు కూడా కలుపుకుని గుంటలు తవ్వాడు. మాకు కౌలు ఇస్తాడు. నిరుడు వేసంకాలం ఒక రాత్రి రెండున్నరకి నా ఫోన్ మోగింది, చూస్తే వాడు. మర్నాడు పొద్దున్నే నాకు ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉంది, పైగా అంతకుముందు రెండు సార్లు డీజిల్‌కని డబ్బులడిగుంటే పంపించున్నా, మళ్లీ అదే అయ్యుంటుందనుకుని సైలెంట్‌లో పెట్టి తిరిగి పడుకున్నా. మూడు కాల్స్ వచ్చినాయి. పొద్దున ఆఫీసు హడావిడిలో మర్చిపోయా, నిజంగా మర్చిపోయానో లేదో కూడా ఇప్పుడు చెప్పలేను. సాయంత్రం అమ్మ ఫోన్ చేసి చెప్పింది, కరెంటు పోయిందంట, బంకు వాడు అప్పివ్వనన్నాడంట, తెల్లారేసరికి గుంట తేలిపోయిందంట. ఆ ఏడు కౌలు టైముకే ఇచ్చాడు వాడు. ఎట్ట ఇచ్చాడో నేనడగలేదు. సంక్రాంతికి పోతే పక్కపక్కనే కూర్చుని అరిసెలు తిన్నాం, ఆ రాత్రి గురించి వాడూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

నిరుటి నుంచి రాసినవి ఐదు కథలు. ఐదింట్లోనూ చెరువే. ఇప్పుడు లెక్కపెట్టుకుంటే తెలిసింది.

సోమవారం రాత్రి కూర్చున్నా. మూడు పేజీలు వచ్చినాయి. అందులో సెల్‌ఫోన్ మోగుతుంది, కరెంటు పోతుంది, బిల్లు కూడా ఉంది, యూనిట్ లెక్కతో సహా. ముళ్లకంప గారూ, మీరన్నది నాకిప్పుడు బాగా తగులుతోంది, వాడి నష్టం మీద నేను కథ రాసుకుని అచ్చేయించుకుంటే ఏం మొహం పెట్టుకుని పోతా? అందుకే ఇంకా ఎవరికీ చూపించలేదు, మా ఆవిడక్కూడా.

ముళ్లకంప • బుధవారం రాత్రి 10:44

మీ నిద్ర గురించి రాస్తే అది మీదే. ఆయన గుంట గురించి రాస్తే మాత్రం ఆయన్ని అడగాలి. నా మట్టుకు నేననుకునేది అది.

పాత ప్రూఫులు • బుధవారం రాత్రి 10:50

ఏ వాక్యం దగ్గర చెయ్యి ఆగిందో అక్కడ పెన్సిల్‌తో గుర్తు పెట్టుకో. పూర్తయ్యాక కావాలంటే నాకు పంపు, అచ్చుతప్పులు మాత్రమే చూస్తాను.

కావలి కుర్రోడు • బుధవారం రాత్రి 10:58

తప్పకుండా సార్. ముందు వాడికి ఫోన్ చెయ్యాలి. ఇవాళే చేద్దామనుకుని రెండుసార్లు నంబరు తీశా, ఇప్పుడు చూస్తే పదకొండు కావస్తోంది, ఈ టైములో లేపడం ఎందుకులే, రేపు చేస్తా.

గుంటగట్టు (తడ) • బుధవారం రాత్రి 11:01

గుంట మీదుండేవాడు పదకొండుకి పడుకోడన్నా. చెయ్యి.